నస్పూర్ పెరట్లో పొట్టి టమాట

2023 జులైలో టమాట ధర కిలో నూరు రూపాయలు దాటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో టమాట మానేసి చింతపండుతో సరిపెట్టుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అదే టమాటను కొన్ని సంవత్సరాలలో చలికాలం చివర కొనేవారు లేక రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. ఆరు నెలల తేడాలో ఒకే కాయకు ఇంత వింత గతి ఎందుకు పడుతుంది? లారీలు, దళారులు, వానలు అని పెద్దలు చెబుతారు. అవన్నీ నిజమే. అయితే వాటితో పాటు మరొక కారణం కూడా ఉంది. అది టమాట పువ్వు లోపల, పుప్పొడి రేణువులో దాగి ఉంది. దానిని పుస్తకంలో చదివి ఒప్పుకోవడం కంటే ఇంట్లో ఒక మొక్కను పెంచి కళ్ళతో చూడడం మేలు. అందుకు పొలం అక్కరలేదు. నీళ్ళ బకెట్టంత కుండీ చాలు.

మనం నస్పూర్ లో ఉన్నామనుకుందాం. మంచిర్యాల పక్కన, గోదావరికి ఉత్తరాన, సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనుల నడుమ ఉన్న ఊరిది. గని కార్మికుల క్వార్టర్లలో వెనక వైపు కొద్దిపాటి జాగా ఉంటుంది. అక్కడ ఒక కరివేపాకు చెట్టు, నాలుగు బంతి మొక్కలు, బట్టలు ఆరేసే తీగ ఉండగా ఇంకొక కుండీకి చోటు దొరకకపోదు. ఎండకు ఏమీ కొరత లేదు. నిజానికి ఇక్కడి చిక్కంతా ఎండ ఎక్కువ కావడమే. ఈ బొగ్గు గనుల ప్రాంతం తెలంగాణలో బాగా వేడెక్కే ప్రాంతాలలో ఒకటి. మే నెలలో 45 డిగ్రీలు అన్న మాట ఇక్కడివారికి కొత్త కాదు.

ఈ వేడి సంగతి తెలియక ఒక ఏడాది నేను బాగానే దెబ్బతిన్నాను. ఫిబ్రవరిలో సంకర జాతి టమాట విత్తనాల ప్యాకెట్టు కొని తెచ్చి నారు పోశాను. ఏప్రిల్ నాటికి మొక్కలు పచ్చగా, గుబురుగా పెరిగి పసుపు పచ్చని పూలతో నిండిపోయాయి. చూసినవారంతా మెచ్చుకున్నారు. పది రోజుల తరువాత పూలన్నీ తొడిమ మధ్యలోని కణుపు దగ్గర విరిగి కింద రాలాయి. ఒక్క పిందె కూడా పట్టలేదు. విత్తనాలు నాసివని తిట్టుకున్నాను. తప్పు విత్తనాలది కాదు, నా క్యాలెండరుది.

ఈ సంగతి అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. మొక్క ఎందుకు పొట్టిగా ఉంది అన్నది మొదటిది. పువ్వు పిందెగా ఎలా మారుతుంది అన్నది రెండవది.

ఆగిపోవడం తెలిసిన మొక్క

టమాట పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ప్రాంతం. మన వంకాయకూ, మిరపకూ, బంగాళాదుంపకూ, చివరకు పొగాకుకూ ఉమ్మెత్తకూ కూడా ఇది చుట్టమే. స్వతహాగా ఇది తీగలాంటి మొక్క. కర్ర కట్టి పైకి పాకిస్తే మనిషిని మించి పెరుగుతుంది.

దాని పెరుగుదలలో ఒక చిత్రమైన పద్ధతి ఉంది. మొలక పెరిగి కొన్ని ఆకులు వేసిన తరువాత కాండం కొస పూగుత్తిగా మారిపోతుంది. కొస పువ్వైపోతే ఇక ఆ కాండం పెరగలేదు కదా! అప్పుడు ఆ పూగుత్తికి సరిగ్గా కిందనున్న ఆకు మొదట్లో, అంటే పత్రగ్రీవంలో ఉన్న మొగ్గ లేచి పనిని అందుకుంటుంది. అది మూడు ఆకులు వేసి తానూ పూగుత్తితో ముగిసిపోతుంది. దాని కింది మొగ్గ మళ్ళీ లేస్తుంది. మళ్ళీ మూడు ఆకులు, ఒక పూగుత్తి. గనిలో మొదటి షిఫ్టు వారు దిగగానే రెండో షిఫ్టు వారు ఎక్కినట్టు ఈ పని సాగుతూనే ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఒకే కాండంలా కనిపించేది నిజానికి ఒకదాని మీద ఒకటి నిలిచిన చిన్న చిన్న కొమ్మల వరుస అన్నమాట.

1914లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఒక పొలంలో దీనికి భిన్నమైన మొక్క కనిపించింది. ఎవరూ దానిని కత్తిరించలేదు, అయినా కొంత ఎత్తు పెరిగి తనంతట తానే ఆగిపోయింది. దానిలో రెండు పూగుత్తుల మధ్య ఆకులు మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి తగ్గి, చివరకు గుత్తి మీద గుత్తి వచ్చి కొమ్మ ముగిసిపోయింది. ఒక జన్యువులో సహజంగా వచ్చిన మార్పు దీనికి కారణం. తన కొమ్మలను తానే కత్తిరించుకునేది అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో ఆ జన్యువును ‘ఎస్.పి.’ అని పిలుస్తారు. 1998లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఆ జన్యువును వేరు చేసి పరిశీలించారు. మామూలు మొక్కలో ఈ జన్యువు పూతను అదుపులో ఉంచి ‘ఇంకా కొంచెం పెరుగు’ అని మొక్కకు చెబుతూ ఉంటుంది. అది చెడిపోతే అదుపు పోయి, పూత తొందరగా వచ్చి, ఎదుగుదల ఆగుతుంది. చెడిపోయిన జన్యువు రైతుకు మేలు చేసిందంటే వింతగా లేదూ? కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి పండుతాయి కనుక, ఈ మొక్కల వల్లనే కాలిఫోర్నియాలో యంత్రాలతో టమాట కోయడం 1960ల నాటికి వీలైంది.

మన దేశంలోనూ ఇలాంటి పొట్టి రకాలు చాలా ఉన్నాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తయారు చేసిన పూసా ఎర్లీ డ్వార్ఫ్, తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.యం.-1 పొట్టివి. అదే ఢిల్లీ సంస్థ నుంచి వచ్చిన పూసా రూబీ పొడుగు రకం. ఇవన్నీ సూటి రకాలే, సంకరాలు కావు. ఆ తేడా ముందు ముందు చెప్పుకుందాం.

పొట్టితనం వేరొక దారిలో కూడా రావచ్చు. కణాలు సాగడానికి అవసరమైన ఒక హార్మోను సరిగా తయారు కాకపోతే కణుపుల మధ్య దూరం తగ్గి, ఆకులు ముదురాకుపచ్చగా ముడతలు పడి, మొక్క మరుగుజ్జుగా తయారవుతుంది. ఫ్లారిడా విశ్వవిద్యాలయం వారు 1989లో ఈ రెండు మార్పులూ కలిసిన ‘మైక్రో టామ్’ అనే రకాన్ని వెలువరించారు. అది జానెడు ఎత్తులోనే కాయలు కాస్తుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో ఎలుకలకు బదులు మొక్కల పరిశోధకులకు అదే నేస్తం. అలాంటి మరొక మరుగుజ్జు రకం ‘రెడ్ రాబిన్’ విత్తనాలను 2022 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపించారు. అక్కడ గాలి వీచదు, తుమ్మెద రాదు. కనుక పూలకు పరాగ సంపర్కం చేయించే పని వ్యోమగాముల మీదనే పడింది.

ఇప్పుడు ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పొడుగు టమాటలు పెంచేవారు పత్రగ్రీవాల నుంచి వచ్చే పక్క కొమ్మలను గిల్లి వేస్తారు. వారిని చూసి మీరు పొట్టి మొక్కకు ఆ పని చేయకండి. పొట్టి మొక్కకు కాయలు కాసేవే ఆ పక్క కొమ్మలు. ముఖ్య కాండం ఎలాగూ ఆగిపోతుంది, పక్క కొమ్మలను కూడా తీసివేస్తే ఇక మిగిలేదేమిటి?

పుప్పొడికి ఎండ దెబ్బ

ఒక టమాట పువ్వును కోసి చూడండి. పసుపు పచ్చని ఆకర్షక పత్రాల మధ్య పరాగకోశాలన్నీ ఒకదానికొకటి అంటుకొని గొట్టంలా, శంకువు ఆకారంలో ఉంటాయి. ఆ గొట్టం లోపల కీలం దాక్కొని ఉంటుంది. పుప్పొడి గొట్టం లోపలి వైపుకే రాలుతుంది కనుక చాలా వరకు అదే పువ్వులోని కీలాగ్రం మీద పడుతుంది. దీనినే మీ పాఠంలో ఆత్మపరాగ సంపర్కం అన్నారు. అయితే పుప్పొడి రాలాలంటే పువ్వు కొంచెం అదరాలి. గాలి ఆ పని చేస్తుంది. నల్లని పెద్ద తుమ్మెదలు పువ్వును పట్టుకొని ‘జుమ్మ్’ అని వణికించి పుప్పొడిని దులుపుకుంటాయి. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. గాలి తగలని మూలలో కుండీ పెట్టినవారు ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య పూగుత్తి కాడను వేలితో రెండు మూడు సార్లు మెల్లగా తడితే చాలు. అంతరిక్షంలో వ్యోమగాములు చేసే పనే మీరు క్వార్టర్ వెనక చేస్తున్నారన్నమాట!

వేడి ఎక్కువైతే ఈ ఏర్పాటంతా చెడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24, 25 డిగ్రీలకు దిగకపోతే పిందె పట్టడం బాగా తగ్గిపోతుంది. అన్నిటికంటే సున్నితమైనది పుప్పొడి. పువ్వు విచ్చుకోవడానికి వారం పది రోజుల ముందు, మొగ్గ ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడు లోపల పుప్పొడి రేణువులు తయారవుతూ ఉంటాయి. ఆ సమయంలో తగిలిన వేడికి అవి గొడ్డువైపోతాయి. ఈ రోజు పువ్వు రాలిందంటే ఈ రోజు ఎండను నిందించి లాభం లేదు, పోయిన వారం ఎండను చూడాలి. కొన్ని రకాలలో కీలం సాగి గొట్టం బయటకు పొడుచుకు వస్తుంది. అప్పుడు లోపల రాలిన పుప్పొడి దానిని అందుకోలేదు. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క తొడిమ కణుపు దగ్గర తెంపి వదిలేస్తుంది. నా మొక్కలకు ఏప్రిల్ లో జరిగింది ఇదే.

వేడి పండు రంగును కూడా చెడగొడుతుంది. పండుకు ఎరుపునిచ్చే పదార్థం లైకోపిన్. 30 డిగ్రీలు దాటి వేడి పెరిగే కొద్దీ అది తయారు కావడం మందగిస్తుంది, పసుపు రంగునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. మే నెలలో అంగడిలో టమాటలు ఎర్రబారకుండా నారింజ పసుపులో ఉండడం మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు జులై ధర లెక్క చూద్దాం. పువ్వు పండుగా మారడానికి సుమారు నలభై అయిదు రోజులు పడుతుంది. జులై మధ్యలో సంతకు రావలసిన పండు మే చివర్లో, జూన్ మొదట్లో పువ్వుగా ఉండాలి. ఆ రోజుల్లో మన దగ్గర పువ్వు నిలవదు. మరి వేసవిలో మనం తినే టమాట ఎక్కడిది? చాలా వరకు రాయలసీమలోని మదనపల్లె, కర్ణాటకలోని కోలారు వైపు నుంచి లారీల్లో వస్తుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మన మంచిర్యాల ప్రాంతం ఎత్తు సుమారు 150 మీటర్లు. ఎత్తుకు పోయే కొద్దీ వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుందని మీరు భూగోళంలో చదువుకున్నారు. 550 మీటర్ల తేడాకు ఎంత వస్తుందో మీరే లెక్క వేయండి. మూడున్నర డిగ్రీలు! పువ్వు నిలవడానికి, రాలడానికి మధ్య ఉన్న దూరం అంతే. 2023లో ఆ ప్రాంతాలలో కూడా ఎండ, వైరస్ తెగుళ్ళు, ఆ తరువాత వానలు కలిసి వచ్చాయి. దానితో దేశమంతా టమాటకు వెతుక్కుంది.

బతుకమ్మకు గింజ, సంక్రాంతికి పండు

కాబట్టి నస్పూర్ లో కుండీ టమాటకు మంచి ముహూర్తం బతుకమ్మ, దసరా సెలవులు. అక్టోబరు మొదట్లో గింజ వేస్తే నవంబరు మొదట్లో నారు నాటవచ్చు. డిసెంబరులో పూత. అప్పుడు రాత్రులు చల్లగా ఉంటాయి, పగలు ఎండ హాయిగా ఉంటుంది. సంక్రాంతి నాటికి మొదటి పండ్లు కోసుకోవచ్చు. జనవరి తరువాత గింజ వేసి వేసవిలో కాయించాలనుకోవడం ఇక్కడ జూదమే.

గింజలను పావు అంగుళం లోతున చిన్న కాగితపు కప్పుల్లో వేయండి. కప్పు అడుగున చిల్లు ఉండాలి. వారం లోపల మొలకలు వస్తాయి. కొన్న విత్తనాలకు గులాబీ రంగో, నీలి రంగో పూసి ఉంటే అది తెగుళ్ళు రాకుండా పట్టించిన మందు. గింజలు వేసిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి, తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు ఆ గింజలు అందకుండా చూడండి. తెల్లదోమ నారు దశలోనే వైరస్ ను అంటిస్తుంది. అందుకని పాత దోమతెర ముక్కను కప్పుల మీద గుడారంలా కప్పడం మంచిది.

ఇరవై అయిదు రోజులకు నాలుగైదు ఆకులు వచ్చిన నారును కుండీలోకి మార్చాలి. కుండీ కనీసం పన్నెండు అంగుళాల లోతు ఉండాలి. పగిలిన బకెట్టు అయినా, సిమెంటు సంచి అయినా పనికి వస్తుంది, అడుగున చిల్లులు మాత్రం తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. గుప్పెడు వేప పిండి కూడా వేస్తే మంచిది. నాటేటప్పుడు ఒక చిన్న తమాషా చేయవచ్చు. కింది ఆకులు తీసివేసి కాండాన్ని సగం దాకా మట్టిలో పూడ్చండి. వంకాయకు ఇలా చేస్తే అంతగా లాభం ఉండదు కాని, టమాట కాండం మట్టిలో పడిన చోటల్లా అబ్బురపు వేళ్ళు పుట్టించుకొని బలపడుతుంది.

బూడిద విషయంలో బొగ్గు ప్రాంతం వారు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మొక్కలకు బూడిద మంచిదని మీ అమ్మమ్మ చెప్పి ఉంటుంది. ఆమె చెప్పింది కట్టెల పొయ్యి బూడిద. చెట్టు నేల నుంచి తీసుకున్న పొటాషియం అందులో ఉంటుంది, కుండీకి ఒక చెంచా వేస్తే మేలే. బొగ్గు బూడిద అలాంటిది కాదు. అందులో పొటాషియం మొక్కకు అందే రూపంలో దాదాపు ఉండదు. పైగా ఆర్సెనిక్, సీసం వంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. తినే కాయ కాసే కుండీలో దానిని వేయవద్దు.

బొగ్గు దుమ్ము మరొక సమస్య. టమాట ఆకుల మీద, కాండం మీద సన్నని నూగు ఉంటుంది. దుమ్ము దానికి చిక్కుకొని ఆకును కప్పేస్తుంది. వెలుతురు తగ్గుతుంది, పత్రరంధ్రాలు మూసుకుపోతాయి, కిరణజన్య సంయోగ క్రియ మందగిస్తుంది. వేలితో ఆకును తుడిచి చూస్తే మీకే తెలుస్తుంది. వారానికి రెండు సార్లు ఆకుల మీద నీళ్ళు చల్లి కడగండి. ఈ పని ఉదయమే చేయాలి. సాయంత్రం తడిపితే ఆకులు రాత్రంతా తడిగా ఉండి, మచ్చ తెగుళ్ళ శిలీంద్రాలకు విందు చేసినట్టవుతుంది.

అడుగు నల్లబడిన కాయ

కుండీలో పెంచేవారిని ఎక్కువగా ఏడిపించేది పురుగు కాదు. కాయ బాగానే పెరుగుతుంది, ఒక రోజు చూస్తే దాని అడుగున నల్లని మచ్చ, లోపలికి గుంట పడి, తోలులా ఉంటుంది. తెగులు అనుకొని మందు చల్లుతారు. అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోవడం.

మట్టిలో కాల్షియం లేకనా? సాధారణంగా కాదు. కాల్షియం మొక్కలో ఎలా ప్రయాణిస్తుందో గమనించండి. అది నీటితో పాటు దారువు గుండా పైకి పోతుంది. నీరు ఎటు ఎక్కువగా పోతే అటే పోతుంది. ఆకులు బాష్పోత్సేకం ద్వారా నీటిని బాగా లాగుతాయి. నున్నని తోలున్న కాయ నుంచి నీరు ఆవిరి కావడం చాలా తక్కువ. అందుచేత కాయకు చేరే నీరు తక్కువ, కాల్షియమూ తక్కువ. కాయలో కూడా తొడిమకు దూరంగా ఉన్న అడుగు భాగానికి ఇంకా తక్కువ. కుండీ ఒక రోజు ఎండిపోయి మరునాడు నిండా తడిస్తే ఆ కొద్దిపాటి సరఫరా కూడా తెగిపోతుంది. పెరుగుతున్న కణాల గోడలు కాల్షియం లేక కూలిపోతాయి. కోడిగుడ్డు పెంకులు కుండీలో వేయడం చాలామందికి అలవాటు. అవి కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందవు.

కాబట్టి మందు నీళ్ళే, అదీ వేళకు. నల్లా వచ్చే వేళలు ఎప్పుడూ ఒకలా ఉండవు కనుక మొక్క కోసం ఒక డబ్బా నీళ్ళు ముందే పట్టి ఉంచండి. రోజూ ఉదయం వేలిని రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్ళు వద్దు, పొడిగా ఉంటే పోయండి. పైన వరిగడ్డో, ఎండుటాకులో పరిస్తే తడి నిలుస్తుంది. యూరియా మీద మోజు పడవద్దు. దానితో ఆకులు ఏపుగా పెరిగి నీటిని ఇంకా లాగేస్తాయి, కాయల గతి ఇంకా పాడవుతుంది. పదిహేను రోజులకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు చాలు.

తెల్లదోమలకు పసుపు రంగంటే ఇష్టం. పసుపు అట్టకు ఆముదం పూసి మొక్క పక్కన వేలాడదీస్తే వచ్చి అంటుకుంటాయి. కాయలను తొలిచే పచ్చపురుగు తల్లి చిలుక బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి ముచ్చట పడుతుంది. బతుకమ్మ కోసం పెంచిన బంతి మొక్కలను పీకివేయకుండా టమాట పక్కనే ఉంచండి. ఆ పూల మీది పురుగులను మాత్రం ఏరివేయాలి సుమా, లేకపోతే మీరే వాటికి అన్నం పెట్టి పెంచినట్టవుతుంది.

దాచిన గింజ మోసం చేస్తుందా?

కాయలు బాగా కాస్తే ప్రతి ఇంట్లో పుట్టే ప్రశ్న ఇది. ‘విత్తనాలు మళ్ళీ కొనడం ఎందుకు? ఈ పండులోని గింజలే దాచుకుంటే పోలా?’ ‘సంకర గింజ మళ్ళీ మొలవదు’ అని ఎవరో ఒకరు జవాబు చెబుతారు. ఆ జవాబు తప్పు. మొలుస్తుంది, బాగానే మొలుస్తుంది. వచ్చే మొక్క తల్లిలా ఉంటుందా అన్నదే అసలు సంగతి.

సంకర విత్తనం ఎలా తయారవుతుందో చూడండి. రెండు వేరు వేరు శుద్ధ వరుసలను తల్లిగా ఒకదానిని, తండ్రిగా ఒకదానిని పెంచుతారు. తల్లి మొక్క మీద మరునాడు విచ్చుకోబోయే మొగ్గను తెరిచి, పరాగకోశాల గొట్టాన్ని చిన్న పట్టకారుతో ఊడదీస్తారు. తరువాత తండ్రి మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అద్దుతారు. ప్రతి పువ్వుకూ ఇలా చేతితోనే చేయాలి. కర్ణాటకలో రాణిబెన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ పని పెద్ద ఎత్తున జరుగుతుంది, చేసేవారిలో ఎక్కువ మంది స్త్రీలు. చిన్న ప్యాకెట్టుకు అంత ధర ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. మన దేశంలో సంకర టమాట విత్తనం 1973లో బెంగుళూరులోని ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ వారి ‘కర్ణాటక’ రకంతో అంగడికి వచ్చింది. అదే నగరంలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ తరువాతి కాలంలో మూడు తెగుళ్ళను తట్టుకొనే ‘అర్క రక్షక్’ అనే సంకరాన్ని తయారు చేసింది.

ఇక మెండెల్ ను పిలుద్దాం. పొట్టితనాన్ని ఇచ్చే ఎస్.పి. మార్పు అంతర్గత లక్షణం. పొడుగు బహిర్గత లక్షణం. పొడుగు జన్యువు ఒక్కటి ఉన్నా మొక్క పొడుగే అవుతుంది. మీ కుండీలోని సంకరం ఈ జన్యువు వల్ల పొట్టిదైతే, దాని తల్లీ తండ్రీ రెండూ పొట్టివే అయి ఉండాలి. అప్పుడు దాని పిల్లలకు పొడుగు జన్యువు ఎక్కడ నుంచి వస్తుంది? రాదు. అంటే దాచిన గింజల నుంచి వచ్చేవన్నీ తామంతట తాము ఆగిపోయేవే. ఈ విషయంలో గింజ మోసం చేయదు.

తెగులును తట్టుకొనే శక్తి సంగతి వేరు. ఆకుముడత వైరస్ ను తట్టుకొనే జన్యువులను అడవి టమాటల నుంచి తెచ్చారు. హర్యానాలో కల్లూ, బెనర్జీ అనే శాస్త్రజ్ఞులు అలా ఒక అడవి జాతి నుంచి ఈ గుణాన్ని సాగు టమాటలోకి మార్చిన సంగతిని 1990లో ప్రకటించారు. ఇటువంటి జన్యువులలో ముఖ్యమైనవి బహిర్గతమైనవి. కనుక సంకరంలో ఆ గుణం ఉండడానికి తల్లిదండ్రులలో ఒకరి దగ్గర ఉన్నా చాలు. అలాంటి సంకరంలో తట్టుకొనే జన్యువు ఒకటి, తట్టుకోలేనిది ఒకటి ఉంటాయి. ఆ మొక్క ఆత్మపరాగ సంపర్కం వల్ల కాసిన గింజలలో ఏమవుతుంది? నాలుగింట మూడు పాళ్ళు తట్టుకుంటాయి, ఒక పాలు తట్టుకోదు. పన్నెండు మొక్కలు వేస్తే సగటున మూడు. పన్నెండు చిన్న సంఖ్య కాబట్టి మీకు ఒకటే రావచ్చు, అయిదు కూడా రావచ్చు. నాలుగు వందల మొక్కలు వేసే రైతుకు మాత్రం నూరు దాకా దెబ్బతింటాయి. ఆయన కొత్త ప్యాకెట్టు కొనడం తెలివితక్కువ కాదు. మీ పెరట్లో రెండు మూడు కుండీలకు నష్టం తక్కువ, చూడవలసింది ఎక్కువ. కాయ సైజు, ఆకారం, తోలు మందం, పులుపు ఇవన్నీ ఎన్నో జన్యువులు కలిసి నిర్ణయించేవి. దాచిన గింజల నుంచి వచ్చిన తోబుట్టువులలో ఇవి రకరకాలుగా కనిపిస్తాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ములందరూ ఒకే పోలికలో ఉండరు కదా.

ఈ ఏడాది ఒక నోటు పుస్తకం పెట్టండి. మొక్క మీద ప్రతి పూగుత్తికి రంగు దారం కట్టి, ఎన్ని పూలు పూశాయో, ఎన్ని పిందెలు నిలిచాయో రాయండి. పేపరులో వచ్చే రామగుండం కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను పక్క గడిలో వేయండి. అలాగే జనవరిలో ఒకే ఒక్క కుండీలో మళ్ళీ గింజ వేసి, మార్చి, ఏప్రిల్ లలో అదే లెక్క రాయండి. ఆ కుండీలో పండ్లు రాకపోయినా అంకెలు వస్తాయి. రెండు లెక్కలను పక్క పక్కన పెట్టి బడిలో సైన్సు మాస్టారికి చూపించండి.

గింజలు దాచడానికి బాగా పండిన, మచ్చలేని పండును ఎన్నుకోండి. గుజ్జును గాజు గ్లాసులోకి పిండి, కొద్దిగా నీళ్ళు పోసి రెండు రోజులు పక్కన ఉంచండి. పులిసి వాసన వస్తుంది, అమ్మ కోప్పడకుండా వాకిట్లో పెట్టుకోండి. గింజ చుట్టూ ఉండే జిగురు పండులోనే గింజ మొలవకుండా ఆపుతుంది, పులిస్తే అది ఊడిపోతుంది. అడుగుకు దిగిన గింజలను జాలిలో కడిగి, పళ్ళెం మీద నీడలో ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి. బాగా ఎండిన తరువాత కవరులో వేసి, దాని మీద సంకరం పేరు, కోసిన తేదీ, ‘రెండో తరం’ అన్న మాట రాసి, వచ్చే బతుకమ్మ దాకా ఎండ తగలని చోట దాచండి.